దాచిన వెలుగునకు వెల ఎవరిది?

శ్రోతలారా, శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసన, మహేంద్రగిరులకును సముద్రమునకును నడుమ, ఇచ్ఛాపురము మొదలు వజ్రపుకొత్తూరు వరకు వ్యాపించిన నేలను ఉద్దానమందురు. ఉద్యానమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస అక్కడి సిరి. జీడిపప్పు వ్యాపారమునకు పేరుపడిన పలాస–కాశీబుగ్గ జంట పట్టణము దానికి ముఖ్యకేంద్రము, దక్షిణమున టెక్కలి.

ఈ సీమలో సూర్యుడు కొండల వెనుకకు దిగగానే వేల ఇండ్లలో ఇంచుమించు ఒకే వేళకు మీటలు నొక్కబడును. దీపములు, పంకాలు, టెలివిజన్లు, నీటి మోటార్లు ఒక్కమారుగా విద్యుత్తును కోరును. సరిగా ఆ వేళకే ఎండనుండి పుట్టు విద్యుత్తు ఆగిపోవును. పగటి విద్యుత్తును పెద్ద బ్యాటరీలలో దాచి రాత్రికి వాడుకొనవలెనను ఆలోచన ఈ చిక్కునుండి పుట్టినదే. కొన్ని ఏండ్లుగా పత్రికలలో బ్యాటరీ నిల్వ కేంద్రములను గూర్చి చదువుచున్నాము. ఆ కేంద్రములు ఎంత పెద్దవో, ఎన్ని కోట్లవో వార్తలలో ఉండును. ఆ కోట్లు ఎవరి సంచినుండి వచ్చునో మాత్రము అరుదుగా ఉండును. ఈనాటి ప్రసంగము ఆ రెండవ మాటను గూర్చి.

మా రేడియోవారికి ఈ ప్రశ్న పాతది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన, విశాఖపట్నము కేంద్రము 1963 ఆగస్టు 4వ తేదీన ప్రసారములు ఆరంభించెను. ఆ దినములలో మన పల్లెలలో అనేకమునకు విద్యుత్తు లేదు. పంచాయతీ కచేరీ అరుగుమీద ఉంచిన రేడియో బ్యాటరీతో పలుకవలసినదే. సామూహిక శ్రవణ పథకము క్రింద పెట్టె వెలలో సగము వరకు కేంద్ర ప్రభుత్వము సహాయముగా ఇచ్చెడిది. తక్కినది రాష్ట్రము, స్థానిక సంస్థలు భరింపవలెను. పెట్టె వచ్చిన నాడు ఊరంతయు ఉత్సవము, బ్యాటరీ అయిపోయిన నాడు ఊరంతయు తగవు అని ఆ కాలపువారు నవ్వుచు చెప్పుదురు. పెట్టె కొనుటకు పథకముండెను. బ్యాటరీ సన్నగిల్లి, గొంతు బొంగురుపోయి, వార్తలు సగములో ఆగినపుడు క్రొత్త బ్యాటరీకి డబ్బు ఎవరిదను విషయము మాత్రము తేలెడిది కాదు. కొనుటకొక లెక్క, నిలుపుటకొక లెక్క అను ఈ పాఠమును మనము చివరివరకు జ్ఞాపకముంచుకొందము.

విద్యుత్తును దాచుట అనగా బ్యాటరీయే కానక్కరలేదు. ఎత్తున నిలిపిన నీరు కూడ దాచిన విద్యుత్తే. ఉత్తరాంధ్రమునకు విస్తారముగా విద్యుత్తును తెచ్చిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము అట్టిది. కోరాపుట్ కొండలలో డుడుమ జలపాతము కడ, నాటి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వముల ఒడంబడికతో మొదలైన ఈ నిర్మాణము ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన పిమ్మట 1955లో విద్యుత్తునిచ్చుటకు ఆరంభించెను. 1959 నాటికి ఆరు యంత్రములును సిద్ధమై, సుమారు 115 మెగావాట్ల శక్తి సమకూరెను. మొదటి ఒప్పందము చొప్పున ఆంధ్రకు 70 పాళ్లు, ఒరిస్సాకు 30 పాళ్లు. పైన జోలాపుట్ జలాశయములో వానకాలపు నీరు నిలిచి, వేసవి రాత్రులలో దీపమై వెలిగెను.

ఆ నిల్వకు వెల ఎవరు చెల్లించిరి? రెండు ప్రభుత్వములు పెట్టుబడి పెట్టినవి. ఆ పెట్టుబడి కొన్ని దశాబ్దములపాటు వినియోగదారుల బిల్లులలో తీరినది. ఇది లెక్క పుస్తకములలో కనబడు భాగము. జలాశయము క్రింద మునిగిన పల్లెలనుండి వేలాది మంది, అందు అనేకులు గిరిజనులు, ఇండ్లు, పొలములు విడిచి కొండలపైకి ఎక్కవలసివచ్చెను. వారి గుడిసెలలో చాలవాటికి ఆ విద్యుత్తు ఎన్నో ఏండ్ల వరకు చేరలేదు. విద్యుత్తు వాడుకొన్నవాడు డబ్బు చెల్లించెను. వాడుకొననివాడు ఊరు చెల్లించెను. నిల్వయొక్క వెలను రూపాయలలోనే కొలిచినచో ఈ రెండవవాడు లెక్కకు రాడు.

1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడిన తరువాత స్తంభములు నెమ్మదిగా పల్లెల దారి పట్టినవి. మైలు పొడవున తీగ లాగి, చివర పది దీపములకు విద్యుత్తిచ్చినచో ఆ పది దీపముల బిల్లు తీగ ఖరీదుపై వడ్డీకి కూడ చాలదు. కనుకనే 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పి, మండళ్లకు అప్పులిచ్చు ఏర్పాటు చేసిరి. 2005లో ఆరంభమైన కేంద్ర పథకములో పల్లె విద్యుదీకరణ వ్యయమున 90 పాళ్లు కేంద్రమే ఇచ్చుటకు అంగీకరించెను. అనగా పల్లె తీగకు వెల పల్లె ఒక్కటే చెల్లింపలేదు, దేశమంతయు పంచుకొన్నది. ఇది న్యాయమే యని ఎల్లరును ఒప్పుకొనిరి. పంచుకొనుట యను ఈ పద్ధతి మన విద్యుత్తు చరిత్రలో క్రొత్త కాదని చెప్పుటకే దీనిని ఎత్తితిని.

అయితే పంచుకొనుటలో పేచీలును వచ్చినవి. 1998 నాటి సంస్కరణ చట్టము వలన మండలి రెండుగా చీలి, ఉత్పత్తి సంస్థ వేరు, ప్రసార సంస్థ వేరు అయినవి. 2000 ఏప్రిల్ నాటికి పంపిణీ సంస్థలు ఏర్పడినవి. శ్రీకాకుళము జిల్లా విశాఖపట్నము కేంద్రముగా గల తూర్పు ప్రాంత పంపిణీ సంస్థ క్రిందికి వచ్చెను. ధరలను నిర్ణయించు బాధ్యత విద్యుత్ నియంత్రణ మండలికి సంక్రమించెను. ఆ సంవత్సరమే ఛార్జీల పెంపునకు వ్యతిరేకముగా రాష్ట్రమంతట ఆందోళన చెలరేగి, ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్ కడ కాల్పులవరకు పోయి, ప్రాణములు పోయినవి. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. యూనిట్టుకు కొన్ని పైసలను గూర్చిన తగవు ఎంతవరకు పోగలదో ఆ నాలుగేండ్ల చరిత్రయే చెప్పుచున్నది.

ఇక ఉద్దానము, టెక్కలి ప్రాంతములకు తిరిగివత్తము. ఈ తీరము విద్యుత్తునకు మరియొక విధమైన వెల చెల్లించినది. సోంపేట కడ బీల యని పిలువబడు చిత్తడినేలలో బొగ్గుతో నడచు పెద్ద విద్యుత్కేంద్రమును కట్టుటకు సన్నాహము జరిగెను. ఆ బీలలో పశువులు మేయును, చేపలు దొరకును, చుట్టుప్రక్కల పొలములకు నీరందును. ప్రజలు ఎదురు తిరిగిరి. 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దు చేసెను. టెక్కలికి చేరువనున్న సంతబొమ్మాళి మండలములో, కాకరాపల్లి తంపర కడ మరియొక బొగ్గు కేంద్రము విషయమున 2011 ఫిబ్రవరి 28న ఇట్టి దుర్ఘటనయే జరిగెను. ఆ తంపరకు సమీపముననే తేలినీలాపురము చింతచెట్లమీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటేట వచ్చి పిల్లలను చేయును.

ఆ బొగ్గు కేంద్రములు వచ్చియుండవలెనా, కూడదా యను వాదమును తిరిగి తెరచుట నా ఉద్దేశము కాదు. ఒక్క మాట మాత్రము చెప్పవలెను. బొగ్గు కేంద్రమునకు రాత్రియు పగలును ఒక్కటే. కోరిన వేళకు కోరినంత విద్యుత్తిచ్చును. అందువలన నిల్వతో పని తక్కువ. బొగ్గు వలదు, ఎండ చాలునన్నచో ఆ సౌకర్యమునకు బదులుగా నిల్వను కొనవలసియుండును. బీలను, తంపరను కాపాడుకొన్న తీరమునకు ఈ నిల్వ లెక్క తెలిసికొను హక్కును, అగత్యమును కూడ ఎక్కువగా కలవు.

ఎండ విద్యుత్తు సంగతి చూతము. మధ్యాహ్నము దేశమంతటను సౌర ఫలకములు ఒక్కమారుగా ఉత్పత్తి చేయును. అంగడిలో విద్యుత్తు ధర పడిపోవును. సాయంకాలము ధర ఎగబ్రాకి, నియంత్రణ సంస్థ విధించిన యూనిట్టుకు 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకిన దినములు కలవు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యను సామెత పంపిణీ సంస్థలకు ప్రతిదినమును అనుభవమే. నిల్వయొక్క ప్రయోజనమంతయు ఈ రెండు వేళల నడుమనున్నది.

ఈ పనికి తెలుగువారు నీటిని ముందే వాడియున్నారు. నాగార్జునసాగరములోను, శ్రీశైలము ఎడమగట్టునను యంత్రములను త్రిప్పివేసి, క్రింది నీటిని మరల పైకి తోడు ఏర్పాటు కలదు. శ్రీశైలము ఎడమగట్టు కేంద్రము 900 మెగావాట్లది; జపాను దేశపు అప్పుతో కట్టినది. ఆ అప్పు చివరకు వాడుకరుల ధరలలో చేరినదే. 2014లో రాష్ట్రము విడిపోయినపుడు ఆ కేంద్రము తెలంగాణము వంతునకు పోయెను.

కొండయు, రెండు జలాశయములును లేనిచోట నీటితో ఈ పని సాగదు. బ్యాటరీకి కొండతో పని లేదు. ఉపకేంద్రము ప్రక్కన కొంత స్థలము చాలును. భారతదేశమున పంపిణీ వ్యవస్థకు తగినంత పెద్ద బ్యాటరీ మొదట ఢిల్లీలోని రోహిణిలో 2019లో వచ్చెను. దాని శక్తి 10 మెగావాట్లు. 2022 జూలైలో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ పంపిణీ సంస్థలు వాడు విద్యుత్తులో కొంత భాగము నిల్వనుండి రావలెనని విధించెను: 2023–24లో నూటికి ఒకటి, 2029–30 నాటికి నూటికి నాలుగు. ఆంధ్రప్రదేశమున కూడ 2025లో ప్రసార సంస్థ బ్యాటరీ కేంద్రములకు టెండర్లు పిలిచెను.

ఇప్పుడు చెల్లింపు సంగతి. పంపిణీ సంస్థ సాధారణముగా బ్యాటరీని కొనదు, అద్దెకు తీసికొనును. ఒక కంపెనీ బ్యాంకులనుండి అప్పు తెచ్చి కేంద్రమును కట్టును. వేలములో మెగావాటునకు నెలకింత యని అద్దె నిశ్చయమగును. బ్యాటరీని వాడినను, వాడకున్నను ఆ అద్దె చెల్లింపవలసినదే. దానిని పంపిణీ సంస్థ తన వార్షిక వ్యయములో చేర్చి నియంత్రణ మండలి ముందుంచును. మండలి అంగీకరించినచో అది మన బిల్లులో కలియును. ఇది మొదటి సంచి.

రెండవ సంచి ప్రభుత్వ బొక్కసము. 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గము 4,000 మెగావాట్ గంటల నిల్వ కేంద్రములకు, పెట్టుబడిలో నూటికి 40 వంతులు మించకుండ సహాయమిచ్చు పథకమునకు ఒప్పుకొనెను. దానికి 3,760 కోట్ల రూపాయలు బడ్జెటు నుండి కేటాయించిరి. సహాయము పొందిన కేంద్రపు శక్తిలో నూటికి 85 వంతులకు తక్కువ గాకుండ పంపిణీ సంస్థలకే అందుబాటులో ఉంచవలెనని నియమము పెట్టిరి. ప్రజల పన్ను డబ్బు తిన్నవాడు అంగడి లాభమునకు మాత్రమే పనిచేయరాదని దాని భావము.

మూడవ సంచి చాలమందికి తెలియనిది. దాని పేరు విద్యుత్ వ్యవస్థ అభివృద్ధి నిధి. ముందు చెప్పిన దానికంటె ఎక్కువగానో తక్కువగానో విద్యుత్తు తీసికొని వ్యవస్థను కలవరపెట్టిన సంస్థలు చెల్లించు రుసుములు, తీగలమీద రద్దీ ఏర్పడినపుడు వసూలగు సొమ్ము ఇందులో చేరును. 2025 జూన్‌లో ఈ నిధి నుండి 30,000 మెగావాట్ గంటల నిల్వకు, మెగావాట్ గంట ఒక్కింటికి 18 లక్షల చొప్పున, 5,400 కోట్ల రూపాయలు ఇచ్చుటకు ప్రకటించిరి. ఇది కూడ ఆకాశమునుండి పడిన ధనము కాదు. ఆ రుసుములు చెల్లించినవి పంపిణీ సంస్థలు, ఉత్పత్తి సంస్థలు. అందు చాల భాగము ఏదో ఒక రూపమున వాడుకరి ఇంటినుండి పోయినదే.

ఒక చిన్న లెక్క వేయుదము. ఒక మెగావాటు శక్తి కలిగి రెండు గంటలు పనిచేయు బ్యాటరీ ఒకమారు ఖాళీ అయినచో 2,000 యూనిట్లిచ్చును. దినమునకు రెండుమార్లు వాడినచో నెలకు 1,20,000 యూనిట్లు. 2022లో జరిగిన తొలి పెద్ద వేలములో అద్దె మెగావాటునకు నెలకు 10 లక్షల 84 వేల రూపాయలు పలికెను. అనగా యూనిట్టుకు కేవలము దాపుడు ఖర్చే 9 రూపాయలు. 2024 మార్చిలో గుజరాతు సంస్థ జరిపిన వేలములో అది సుమారు 4 లక్షల 49 వేలకు దిగెను. అనగా యూనిట్టుకు సుమారు 3 రూపాయల 75 పైసలు. రెండేండ్లలో వెల సగమునకు తక్కువ అయినది.

దీనికి దాచిన విద్యుత్తు వెలను కలుపవలెను. నూరు యూనిట్లు లోపల పోసినచో సుమారు 85 మాత్రమే వెలికి వచ్చును. తక్కినది వేడియై పోవును. మధ్యాహ్నము 3 రూపాయలకు కొన్న యూనిట్టు ఈ తరుగుతో 3 రూపాయల 50 పైసలు దాటును. మొత్తము 7 రూపాయల పైచిలుకు. సాయంకాలము 10 రూపాయలు పెట్టి కొనుటకంటె ఇది మేలు. కాని బ్యాటరీని దినమునకు రెండుమార్లు గాక ఒక్కమారే వాడినచో అద్దె మారదు గనుక దాపుడు ఖర్చు రెట్టింపై, మొత్తము 11 రూపాయలగును. అప్పుడు నష్టము. ఎండ దినమున కొక్కమారే కాయును గదా. రెండవమారు నింపుటకు రాత్రివేళ ఇతర విద్యుత్తు చవుకగా దొరకవలెను. కనుక బ్యాటరీ మనకు లాభమో, నష్టమో అది ఉన్నదా లేదా అన్నదానిమీద గాక, దానిని ఎంత శ్రద్ధగా వాడుదురన్నదానిమీద ఆధారపడియుండును. వాడని బ్యాటరీ అద్దె కూడ బిల్లులోనికే వచ్చును.

ఇంతవరకు ప్రభుత్వపు నిల్వ. పలాసలోను, టెక్కలిలోను ఇండ్లలోనికి తొంగిచూచినచో మరియొక నిల్వ కనబడును. కలిగిన ఇండ్లలో మెట్ల క్రిందనో, వసారాలోనో ఇన్వర్టరు, దాని ప్రక్కన బరువైన బ్యాటరీ ఉండును. కొన్ని నెలలకొకమారు అందులో నీరు పోయవలెను. కొన్ని ఏండ్లకొకమారు మార్చవలెను. దుకాణములకు, కర్మాగారములకు డీజిలు జనరేటర్లున్నవి. ఇవన్నియు నిల్వకు సొంత డబ్బుతో చెల్లించిన వెలలే. ఇన్వర్టరు కొనలేని ఇల్లు చీకటి రూపమున చెల్లించును. నిల్వను అందరును కలిసి కొననిచోట ఒక్కొక్కరు విడివిడిగా ఎక్కువ వెలకు కొనుచున్నారు, లేదా లేకుండ గడుపుచున్నారు.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాసకు చేరువలో తీరము దాటెను. ఉద్దానములో కొబ్బరిచెట్లు వరుసగా పడిపోయినవి. తాతలు నాటిన జీడితోటలు వేళ్లతో లేచినవి. వేలాది విద్యుత్ స్తంభములు నేలకూలినవి. పల్లెలు దినముల తరబడి చీకటిలో నుండెను. నీటి మోటార్లు ఆగినవి. త్రాగునీటికై జనరేటర్లు ఊరూర త్రిప్పవలసివచ్చెను.

తుఫానును తలచుకొని, పెద్ద బ్యాటరీ యుండిన ఈ బాధ ఉండెడిది కాదని కొందరందురు. అది సరి కాదు. ఉపకేంద్రము ప్రక్కనున్న బ్యాటరీ ఎంత నిండియున్నను, దారిలో స్తంభములు పడియున్నచో పల్లెకు వెలుగు రాదు. పెద్ద బ్యాటరీ మొత్తము వ్యవస్థకు సాయంకాలపు బరువును తేలిక చేయును. తుఫాను రాత్రికి కావలసినది వేరు: ఆసుపత్రిలోనే, నీటి మోటారు కడనే, తుఫాను రక్షణ భవనములోనే ఉండు చిన్న బ్యాటరీ, దానిపై సౌర ఫలకము. మొదటిదాని వెల అందరి బిల్లులో కలిసినను తప్పులేదు. దాని లాభము అందరి బిల్లులోనే కనబడవలెను గనుక. రెండవది ధర చూచి కొను వస్తువు కాదు. ప్రాణము కాపాడుటకు పెట్టు వ్యయము. అది బొక్కసము నుండియే రావలెను.

ఉద్దానములో ఈ మాటకు బరువెక్కువ. మూత్రపిండముల జబ్బు ఈ సీమను దశాబ్దములుగా పీడించుచున్నది. రక్తశుద్ధి చేయించుకొను రోగి సాధారణముగా వారమునకు మూడుమార్లు, మారునకు సుమారు నాలుగు గంటలు యంత్రము ప్రక్కన పడుకొనవలెను. ఒక్కొక్క విడతకు నూరు లీటర్లకు పైగా శుద్ధజలము కావలెను. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల మూత్రపిండ పరిశోధన ఆసుపత్రిని, హిరమండలము జలాశయము నుండి ఉద్దానమునకు త్రాగునీరు తెచ్చు పథకమును ప్రారంభించిరి. ఆ నీటి పథకమునకు 700 కోట్ల రూపాయలు వ్యయమైనది. ఆసుపత్రికిని, నీటికిని విద్యుత్తే ఊపిరి.

రక్తశుద్ధి యంత్రములో ఒక చిన్న బ్యాటరీ యుండును. విద్యుత్తు పోయినపుడు అది కొన్ని నిమిషములపాటు రక్తమును కదలించును. ఆలోగా రోగి రక్తమును తిరిగి దేహములోనికి పంపవచ్చును. ఆ కొద్ది నిమిషముల నిల్వ రోగి బిల్లులో చేరినదా, సంస్థ లెక్కలో చేరినదా యని ఎవరును అడుగరు, అడుగరాదు. కాని ఆ నిమిషములు గడచిన పిమ్మట జనరేటరు పలుకవలెను, పలుకుటకు డీజిలుండవలెను, డీజిలునకు నిధి ఉండవలెను. ఇక్కడ మరల మన పంచాయతీ రేడియో గుర్తునకు వచ్చును. యంత్రము వచ్చినది; దాని బ్యాటరీని కాలము తీరినపుడు మార్చుటకు ఏటేట డబ్బు కేటాయించినారా?

ఈ సందర్భమున మరియొక సంగతి. నిల్వలలో మిక్కిలి చవుకైనది దాచనక్కరలేకుండ చేసికొనుట. మధ్యాహ్నపు ఎండ వేళ నీటిని తోడి ఎత్తైన ట్యాంకులలో నింపినచో సాయంకాలము మోటారుతో పని లేదు. ఆ ట్యాంకే బ్యాటరీ. వ్యవసాయమునకు పగటివేళ 9 గంటలు విద్యుత్తు ఇచ్చుట ఇట్టిదే. 2023లో కేంద్ర ప్రభుత్వము తెచ్చిన నియమముల ప్రకారము పగటి సౌర వేళలలో ధర 10 నుండి 20 పాళ్లు తక్కువగా, సాయంకాలము ఎక్కువగా నిర్ణయించు పద్ధతి క్రమక్రమముగా రావలసియున్నది. సాయంకాలము తప్పనిసరిగా దీపము వెలిగించుకొను పేద ఇంటికిని, శీతల యంత్రములతో నిండిన భవనమునకును ఒకే హెచ్చింపు వేయుట న్యాయము కాదు. ఈ తేడాను ధరలలో చూపుట నియంత్రణ మండలి పని.

పేదలకు రాయితీ ఇయ్యదలచిన ప్రభుత్వము ఆ సొమ్మును ముందుగా చెల్లింపవలెనని 2003 నాటి విద్యుత్ చట్టము 65వ సెక్షనులో స్పష్టముగా నున్నది. రాయితీని నోటితో ప్రకటించి డబ్బు చేతికీయకున్నచో పంపిణీ సంస్థ అప్పు చేయును. అప్పు చేసి పప్పుకూడు తిన్నట్లు, వడ్డీతో కూడ రేపటి వాడుకరి తీర్చును. నేటి తండ్రి వాడిన వెలుగునకు రేపటి కొడుకు చెల్లించుట అందురే, అది ఇదియే.

శ్రోతలు చేయదగినదేమి? పంపిణీ సంస్థలు రాబోవు సంవత్సరపు ఆదాయ వ్యయముల అంచనాలను సాధారణముగా నవంబరు చివరకు నియంత్రణ మండలికి సమర్పించును. మండలి వాటిని ప్రకటించి, బహిరంగ విచారణ జరిపి, ఏప్రిల్ నుండి అమలగు ధరలను నిర్ణయించును. ఆ విచారణలో ఏ వాడుకరియైనను వ్రాతమూలకముగా అభ్యంతరము తెలుపవచ్చును. పలాసలోని జీడిపప్పు వ్యాపారియైనను, టెక్కలిలోని ఉపాధ్యాయుడైనను, కవిటిలోని కొబ్బరి రైతైనను అడుగదగిన ప్రశ్నలు మూడు. బ్యాటరీ అద్దె ఎంత, దానిని దినమునకు ఎన్నిమార్లు వాడినారు? ప్రభుత్వ సహాయముగా వచ్చిన సొమ్ము అద్దెను ఎంత తగ్గించినది? బ్యాటరీ వయస్సు తీరిన నాడు క్రొత్తదానికి డబ్బు ఎక్కడనుండి వచ్చును?

నిల్వకు వెల చెల్లించువారు చివరకు మనమే. బిల్లు రూపమున గాని, పన్ను రూపమున గాని, ఇన్వర్టరు రూపమున గాని, చీకటి రూపమున గాని చెల్లించుచున్నాము. జోలాపుట్ క్రింద ఊరు కోల్పోయినవారివలె ఎవరును ఈ లెక్కలో కనబడకుండ మునిగిపోకూడదు. వెల ఎంతయో బిల్లుమీద తెలిసిననాడు, అందులో మన వంతు న్యాయమో కాదో అడుగగలము. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలనిరి. ఉద్దానపు సాయంకాలములలో ఇప్పుడు దీపమున్నది. ఈ లెక్క సరిచూచుకొనుటకు ఇదే తగిన వేళ.